మిద్దెకు పంక్చరు పడితే

పొంగల్ సెలవులకు మద్రాసు నుంచి వచ్చిన మనవరాలు హాల్లో వెల్లకిలా పడుకుని ఫ్యాను వంక చూస్తోంది. ఫ్యాను ఆడటం లేదు. దాని స్విచ్చు మీద నేనే ప్లాస్టరు అంటించి పెట్టాను, ఎవరూ వెయ్యకుండా. పైన కొక్కేన్ని కప్పే గిన్నె అంచున ఒక నీటిచుక్క మెల్లగా లావై, కాసేపు వేలాడి, కింద వాళ్ల అవ్వ పెట్టిన ఇత్తడి చెంబులో టప్‌మని పడింది.

"తాతా, వానే లేదు గదా, ఇల్లెందుకు కురుస్తా ఉండాది?"

బళ్లో తమిళమూ ఇంగ్లీషూ చదివే పిల్ల, అయినా మాట సరిగ్గానే వేసింది. వాన కురుస్తుంది అంటాం. కప్పు చెడితే ఇల్లు కురుస్తోంది అనీ అంటాం. రెంటికీ ఒకే మాట పెట్టుకున్న మన పెద్దలు ఎన్ని రాత్రులు తపేలాలు మార్చుకుంటూ మేలుకున్నారో మరి. ఇడైసెవల్ ఊరి కి. రాజనారాయణన్ గారు, ఇంట్లో తెలుగు మాట్లాడి తమిళంలో కథలు రాసిన పెద్దాయన, మా కరిసల్ సీమ, అంటే నల్లరేగడి సీమ, మాటలన్నీ పోగేసి నిఘంటువే కూర్చారు. పదినెలలు వాన కోసం ఆకాశం చూసే సీమ ఇది. తీరా వాన వస్తే అప్పుడు కప్పు చూడాలి.

2023 డిసెంబరు వాన అలాంటిది. ఆ నెల 18 పొద్దుటికి 24 గంటల్లో తూత్తుకుడి జిల్లా కాయల్‌పట్టణంలో 95 సెంటీమీటర్లు కురిసింది. 95 సెంటీమీటర్లంటే ఏమిటో పిల్లచేత లెక్క కట్టించాను. వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద 88 వేల లీటర్లు. పన్నెండు వేల లీటర్ల ట్యాంకరు లారీలు ఏడు తెచ్చి ఒక్క ఇంటి మీద దిమ్మరించినట్టు! మా ఊరు పుదూరులో అంత పడలేదు గానీ, మా మిద్దె లోటుపాట్లు బయటపెట్టడానికి పడినంత చాలింది.

వాన వెలిసిన వారానికి ఒక మేస్త్రిని పిలిచాను. ఆయన కిందినుంచి ఫ్యానును చూసి, పైకెక్కి, అడుగులు కొలిచి, సరిగ్గా ఫ్యాను నడినెత్తిన గంపెడు సిమెంటు పూసి, డబ్బు పుచ్చుకుని వెళ్లాడు. మూడు రోజులు బాగుంది. నాలుగో రోజు మళ్లీ టప్.

"కోవిల్‌పట్టి బస్టాండులో బస్సు దిగినవాళ్లంతా కోవిల్‌పట్టివాళ్లేనా తల్లీ?" అన్నాను.

"కాదు."

"నీళ్లూ అంతే. దిగిన చోటు వేరు, ఎక్కిన చోటు వేరు."

మా మిద్దె మీద ముందుగా ఎర్రటి పలక పెంకులు. వాటి కింద ఇటుక ముక్కలూ సున్నమూ కలిపి కొట్టిన పొర, నాలుగంగుళాలు. దాని కింద కాంక్రీటు స్లాబు. ఎక్కడో ఒక పెంకు సందులోంచి దిగిన నీళ్లు ఇటుక ముక్కల్లో ఇంకుతాయి. ఇటుక స్పాంజిలాంటిది, తాగిందంతా ఒక్కసారి కక్కదు. అందుకే వాన పోయి మూడు వారాలైనా చుక్క పడుతోంది. స్లాబు మీదికి దిగిన నీళ్లు వాటం ఎటుంటే అటు నడుస్తాయి. దారిలో వెంట్రుకంత బీట దొరికితే అందులో దూరతాయి. మనం స్లాబు పోసేటప్పుడే కరెంటు వైర్ల కోసం లోపల ప్లాస్టిక్ గొట్టాలు పరిచి ఉంచుతాం కదా, ఆ బీట గొట్టం దాకా పోయిందంటే నీళ్లకు రాజమార్గం దొరికినట్టే. గొట్టం ఎక్కడికి పోతుంది? ఫ్యాను పెట్టెకి. అందుకే సగం ఇళ్లలో కప్పు ఎక్కడ చెడినా ఫ్యానే కారుతుంది. అలా కారుతుంటే ముందు మెయిన్ ఆపించాలి, చెంబు తర్వాత పెట్టొచ్చు.

మరి చిల్లు ఎక్కడుందో పట్టుకునేదెట్లా?

సైకిలు ట్యూబయితే సులువు. గాలి కొట్టి, నీళ్ల తొట్టిలో ముంచి తిప్పితే బుడగలొచ్చే చోటే పంక్చరు. పంక్చరు షాపు కుర్రాడు ట్యూబంతా వెతకడు. చిల్లులోంచి తప్ప ఇంకెక్కడినుంచీ బయటికి రాలేని గాలిని పంపుతాడు, అది ఎక్కడ తేలిందో చూస్తాడు. ఉపాయమంతా అదే. మిద్దెను తొట్టిలో ముంచలేం. కాబట్టి గాలికి బదులు ఇంకొకర్ని పంపాలి. నీళ్లు పోయే దారినే పోవాలి, నీళ్లకన్నా వేగంగా పోవాలి, ఎటు పోతోందో మనకి చెప్పాలి. కరెంటుకి ఈ మూడు గుణాలూ ఉన్నాయి.

"నీళ్లలో కరెంటు పోతుందని మిస్ చెప్పింది" అంది పిల్ల.

స్వచ్ఛమైన నీళ్లలో దాదాపు పోదు. మిద్దె మీద దుమ్ము, ఉప్పు, సున్నం తగిలిన నీళ్లలో పోతుంది. ఇనుప ఊచలున్న తడి కాంక్రీటులోనూ పోతుంది. ఈ రెంటికీ మధ్య ఈ కాలం పెద్ద పెద్ద భవనాల మీద తారు షీట్లో, ప్లాస్టిక్ షీట్లో, రబ్బరు లాంటి పూతో వేస్తారు, నీరు దిగకుండా. వాటిలో కరెంటు పోదు. అంటే పైన నీళ్లు, కింద కాంక్రీటు, నడుమ కరెంటుకి గోడ. ఆ గోడకి ఎక్కడైనా సూదిమొనంత చిల్లుపడితే నీళ్లు అందులోంచి దిగి కాంక్రీటును తాకుతాయి, ఆ నీటి దారం పట్టుకుని కరెంటూ దిగుతుంది.

చెబితే కుదిరేది కాదని వంటింట్లోకి వెళ్లాం. ఒక స్టీలు పళ్లెం తెచ్చాం, అది స్లాబు. దాని మీద వాళ్లవ్వ వడియాలు ఎండేసే ప్లాస్టిక్ షీటు, అంచులు పైకి మడిచి. అది నీరు దిగని పొర. పళ్లెంలో ముందుగా నాలుగు చుక్కల ఉప్పునీళ్లు చిలకరించాం. షీటు మీద ఉప్పునీళ్లలో తడిపి పిండిన పాత తువ్వాలు పరిచాం, వాన కురిసిన మిద్దె అన్నమాట. తువ్వాలు అంచు వెంట గుండ్రంగా ఒక రాగి తీగ పెట్టి, తొమ్మిది వోల్టుల చదరపు బ్యాటరీ ఒక కొసకి తగిలించాను. రెండో కొస పళ్లేనికి. గోడ ప్లగ్గు మాత్రం ఈ ఆటలోకి రాకూడదు, బ్యాటరీ ఒక్కటే.

రెండు దబ్బనాలకు వోల్టులు కొలిచే మీటరు వైర్లు చుట్టి పిల్లకిచ్చాను. రెండంగుళాల ఎడంతో తువ్వాలు మీద అక్కడా ఇక్కడా గుచ్చి చూసింది. అన్ని చోట్లా మీటరు సున్నా దగ్గరే. ఎందుకంటే కరెంటుకి పోయే దారి లేదు. నీరు కదలని చెరువులో ఎక్కడ చూసినా మట్టం ఒకటే కదా.

"ఇప్పుడు నువ్వు అటు తిరుగు" అని చెప్పి, తువ్వాలెత్తి షీటుకి ఒక మేకుతో చిల్లు పొడిచి, మళ్లీ కప్పి, వేలితో ఒత్తాను. "వెతుకు."

ఈసారి మీటరులో అంకె మేలుకుంది. దబ్బనాలు కుడివైపు జరిపేకొద్దీ అంకె పెరిగింది. ఇంకా జరిపింది. ఉన్నట్టుండి అంకె ముందు తీసివేత గుర్తు వచ్చింది.

"తాతా, తిరగబడింది!"

"చిల్లు దాటి వచ్చేశావన్న మాట."

చెరువు గట్టుకి గండి పడితే నాలుగు దిక్కుల నీరూ గండి వైపే పారుతుంది. తువ్వాలు మీద అంచుల్నించి కరెంటు కూడా అలాగే చిల్లు వైపే పారుతోంది. చిల్లుకి ఇటుపక్క ఉన్నప్పుడు ముందు దబ్బనం పల్లంలో ఉంది, అటుపక్కకి పోగానే వెనక దబ్బనం పల్లంలో పడింది. మీటరు గుర్తు మారింది. అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి గుర్తు మారిన చోటు పట్టుకుంటే ఆ రెండు గీతలు కలిసేది చిల్లు మీదే. మూడు నిమిషాల్లో పట్టేసింది. నేనైతే దానికిచ్చిన టీ చల్లారేదాకా పడుతుందనుకున్నాను.

పెద్ద మిద్దెల మీద చేసేదీ ఇదే. జర్మనీలో 1970ల్లో పుట్టిన పద్ధతి. మిద్దెను తడిపి, చుట్టూ తీగ పరుస్తారు. చిన్న పెట్టెలోంచి నలభై వోల్టుల ప్రాంతంలో, కొన్ని సెకన్లకొకసారి, గుండె కొట్టుకున్నట్టు కరెంటు వదులుతారు. రెండో వైరు స్లాబు ఊచలకో, ఎర్తుకో. ఒక మనిషి రెండు చేతుల్లో రెండు కర్రలతో తడి మీద నడుస్తూ పోతాడు, మెడలో మీటరు. ముల్లు ఎటు కొట్టుకుంటే అటు. నీళ్ల గొట్టాలు, ఏసీ కాళ్లు లాంటి ఇనుప సామాను మిద్దెలోంచి పైకి వస్తుంటాయి కదా, వాటి చుట్టూ వేరే చిన్న తీగ ఉంగరాలు వేస్తారు. లేకపోతే కరెంటు వాటిలోకి దిగిపోయి, అవే పెద్ద చిల్లుల్లాగా కనబడి మనిషిని తప్పుదారి పట్టిస్తాయి. అమెరికాలో ఈ పనికి 2014లో ఏఎస్‌టీఎం డీ7877 అని మార్గదర్శక ప్రమాణమే రాసిపెట్టారు.

పిల్ల దబ్బనాలు పట్టుకుని ఆడుతుంటే నాకు ఇంకో సంగతి గుర్తొచ్చింది. గాలివానకి తెగిపడిన కరెంటు తీగ దగ్గర మనుషులు బతికి బయటపడిన చోట కూడా ఆవులు పోతుంటాయి. తీగ నేలని తాకిన చోటినుంచి చుట్టూ వోల్టేజి తగ్గుతూ పోతుంది, చిల్లు చుట్టూ తువ్వాలు మీద ఉన్నట్టే. ఆవు ముందుకాళ్లకీ వెనకకాళ్లకీ మధ్య ఎడమెక్కువ, ఆ ఎడంలో వోల్టేజి తేడా ఎక్కువ, కరెంటు పోయే దారి గుండె మీదుగా. ఆవు కాళ్లే దబ్బనాలు, ఆవే మీటరు. అందుకే అలాంటి చోట ఇరుక్కుంటే అంగలు వెయ్యకూడదు, పాదాలు కలిపి నేలకి రాసుకుంటూ జరగాలి. మిద్దె మీద వాడే నలభై వోల్టుల చిటికెడు కరెంటు అలా చంపేది కాదులే. శాస్త్రం మాత్రం ఒకటే.

ఇంకా దగ్గరి చుట్టం ఉంది ఈ పద్ధతికి, మన పొలాల్లోనే. బోరు పాయింటు చూడటానికి వచ్చినవాళ్లు నేలలో నాలుగు ఇనుప మేకులు దిగేసి, వైర్లు లాగి, పెట్టెలో అంకెలు చూస్తారు చూశావా? బయటి రెండు మేకుల్లోంచి కరెంటు పంపి, లోపలి రెంటి మధ్య వోల్టేజి చూస్తారు. తడి ఉన్న పొర, రాతి పొర వేరువేరుగా జవాబు చెబుతాయి. ఫ్రాన్సులో కాన్రాడ్ ష్లుంబర్జే అనే ఆయన దీన్ని మొదట స్నానాల తొట్టిలో మట్టి నింపి పరీక్ష చేసుకుని, 1912లో నార్మండీ నేల మీద కొలిచాడు. ఇప్పటికీ మేకులు ఆయన పద్ధతిలో దిగేస్తే ఆయన పేరుతోనే పిలుస్తారు. ఆయన స్నానాల తొట్టి ఎక్కడ, మన వడియాల షీటు ఎక్కడ! నేల అడుగున నీరెక్కడుందని అడగడమూ, కప్పు మీద నీరెక్కడ దిగుతోందని అడగడమూ ఒకే ప్రశ్న, తల్లకిందులు.

తడపడం కుదరని చోట మరో పద్ధతి ఉంది. పొడి మిద్దె మీద రాగి కుచ్చుల చీపురు లాంటిది తోసుకుంటూ పోతారు, దానికి వేల వోల్టులు ఇచ్చి, కరెంటు మాత్రం అతి కొంచెం పోయేట్టు కట్టడి చేసి. గాలి కూడా కరెంటుకి గోడే. కానీ మిల్లీమీటరుకి సుమారు మూడు వేల వోల్టులు పెడితే ఆ గోడ కూలుతుంది. చిల్లు మీదికి చీపురు రాగానే చిటపటమని నిప్పురవ్వ, పెట్టె కూత. చమురు గొట్టాల పూతల్ని ఎప్పట్నుంచో ఇలాగే చూస్తున్నారు. షీటు మందాన్ని బట్టి వోల్టులు ఎంచుకోవాలి. చూడటానికి వచ్చినవాడు అత్యాశకి పోయి వోల్టులు పెంచితే, లేని చిల్లు వాడే పెట్టి వాడే కనిపెడతాడు.

ఇవేమీ లేని రోజుల్లోంచి ఇప్పటిదాకా నడుస్తున్న పరీక్ష ఒకటుంది. మిద్దెకి నీళ్ల తూములు మూసి, రెండంగుళాల లోతు నీళ్లు కట్టి, ఒకటి రెండు రోజులు ఉంచడం. కారితే కారుతోందని తెలుస్తుంది, ఎక్కడో తెలియదు. పైగా బరువు. వెయ్యి చదరపు అడుగుల మీద రెండంగుళాల నీళ్లంటే నాలుగున్నర టన్నులు దాటుతుంది. పాత స్లాబు మీద ఆ సాహసం చేసే ముందు ఇంజనీరుని అడగడం మంచిది.

పిల్లకి ఉత్సాహం ఆగలేదు. "రేపే మన మిద్దె మీద చేద్దాం తాతా!"

అక్కడే ఆగాలి. మన మిద్దె మీద ఇది పనిచెయ్యదు. కరెంటుకి అడ్డుగోడ లాంటి షీటు మనకెక్కడుంది? సున్నమూ ఇటుకా తడిస్తే కరెంటు అన్ని చోట్లా దిగిపోతుంది, మీటరు మిద్దె అంతా చిల్లే అంటుంది. ఒక విధంగా అది అబద్ధమూ కాదు. ఇంకా తమాషా ఏమిటంటే, ఇపీడీఎం అనే నల్ల రబ్బరు షీటు నీళ్లని బ్రహ్మాండంగా ఆపుతుంది, కానీ దానికి నలుపునిచ్చే కార్బన్ పొడి కరెంటుని పోనిస్తుంది. దాని మీదా ఈ పరీక్ష చెల్లదు. కింద చెక్క ఉన్నా చెల్లదు, ముందే షీటు అడుగున తీగల వల పరిస్తే తప్ప. మిద్దె మీద తోటలు పెంచే పెద్ద భవనాలకి మాత్రం ఇది వరం. అడుగు మందం మట్టి తవ్విపోసి వెతకడం ఎవరివల్ల అవుతుంది? మట్టి తడిగా ఉంటే చాలు, పైనుంచే అడగొచ్చు.

మన పాత మిద్దెలవాళ్లు ఇంకోలా ఆలోచించారు. నీటిని పూర్తిగా ఆపేయాలని పంతం పట్టలేదు, తాగనిచ్చి ఎండకి ఆరనిచ్చారు. మద్రాసు టెర్రస్ అంటారే, టేకు దూలాల మీద ఇటుకలు నిలువుగా పేర్చి, పైన ఇటుక ముక్కల సున్నం పోసి, ఆడవాళ్లు వరసగా కూర్చుని చెక్క బాదులతో రోజుల తరబడి కొట్టేవాళ్లు. కరక్కాయా బెల్లమూ నానబెట్టిన నీళ్లు చల్లుతూ. బెల్లం నీళ్లలో సున్నం మామూలుకన్నా ఎక్కువ కరుగుతుంది, ఇటుక పొడి ఆ సున్నంతో కలిసి గట్టిపడుతుంది. మా చిన్నప్పుడు ఆ చప్పుడు వింటే నిద్ర వచ్చేది.

రాయలసీమలో మరీ చోద్యం. దూలాలు, దంతెలు, పైన ఆకూ అలమూ, ఆ పైన చౌడు మన్ను. పంట పండని ఉప్పుమన్ను! అందులో సోడియం ఎక్కువ. తడిస్తే ఆ బంకమన్ను అతి సన్నని రేకులుగా విడిపోయి ఉబ్బి, తన సందులు తానే మూసుకుంటుంది. వానలకి ముందు మరో రెండు గంపలు పోసుకుంటే ఆ ఏడు గడిచినట్టే. ఇప్పుడు సొరంగాలకీ, నేలమాళిగలకీ సోడియం బెంటోనైట్ పరుపులు పరుస్తున్నారు, ఆ సూత్రమే కాస్త తోముకుని వచ్చింది. మా కరిసల్ మన్నూ ఉబ్బే జాతిదే. కానీ వేసవిలో చెయ్యి దూరేంత బీటలు తీస్తుంది. దాన్ని నెత్తిన పెట్టుకోలేం. కాళ్ల కింద ఉన్నప్పుడే అది చేసే చేటు చాలు. వానకి ఉబ్బి, ఎండకి కుంగి, గోడల్ని ఏడాదికోసారి కదుపుతుంది. పైన ఎండ తన వంతు తను చేస్తుంది. పది మీటర్ల స్లాబు ముప్పై డిగ్రీల తేడాకి మూడు మిల్లీమీటర్ల పైన సాగి ముడుచుకుంటుంది. కింద మన్ను, పైన ఎండ, ఈ లాగులాట తెగేది స్లాబూ పిట్టగోడా కలిసే మూలలోనే.

కాబట్టి మర్నాడు రైతు పనే చేశాం. మిద్దెను నాలుగు మడులు చేశాం, బంకమట్టి గట్లతో. ఒక్కో మడికి అంగుళం నీళ్లు, ఒక్కో రోజు. పిల్ల కింద చెంబు దగ్గర కూర్చుని పావుగంటకి ఎన్ని చుక్కలో నోటుపుస్తకంలో రాసింది. నీళ్లలో నీలిమందు కలుపుదామంది, వద్దన్నాను, సున్నం ఆ రంగంతా పీల్చేసుకుంటుంది. మెట్ల గది వైపు మడికి మార్పు లేదు. రెండోదానికీ లేదు. మూడోది, తూర్పు పిట్టగోడ కిందిది, నింపిన సాయంత్రానికి తొమ్మిది చుక్కలు ఇరవై ఆరు అయ్యాయి. అక్కడ గోడ మొదట్లో టీవీ గొడుగు బిగించడానికి ఒకాయన ఎన్నడో దిగేసిన నాలుగు బోల్టులున్నాయి. గొడుగు తీసేసి చాలా ఏళ్లైంది. బోల్టులు తుప్పుపట్టి, వాటి పక్కనుంచి మూల పొడుగునా సన్నటి బీట. ఫ్యానుకీ దానికీ టేపు పెట్టి కొలిస్తే పద్నాలుగడుగులు. మేస్త్రి పూసిన గంపెడు సిమెంటు ఎక్కడో నడిమధ్యన, ఏ పాపమూ ఎరగనట్టు, ఎండలో మెరుస్తోంది.

గట్లు తీసేసి కిందికి వస్తే వాళ్లవ్వ షీటు చేత్తో పట్టుకుని ఎదురుగా నిలబడింది.

"నా వడియాల కవరుకి బొక్క పెట్టింది తాతా, మనవరాలా?"

పిల్ల నా వంక చూసింది. నేను పిల్ల వంక చూశాను.

"సరే, ఎక్కడుందో చూపించండి, అదన్నా చెయ్యండి."

మళ్లీ పళ్లెం, తువ్వాలు, దబ్బనాలు. గుర్తు మారిన చోట పిల్ల వేలు పెట్టింది. అవ్వ ఆ చోటు కొంగుతో తుడిచి, అద్దం మీద అంటించి ఉన్న పాత బొట్టుబిళ్ల ఒకటి ఊడదీసి దాని మీద ఒత్తింది. పిల్ల తువ్వాలు కప్పి మీటరు పెట్టింది. అంకె సున్నా దగ్గరే నిలబడింది.